మీ బుల్లెట్ ఎక్కడ ఆగుతుంది? సొంత పొలంలో టార్గెట్ షూటింగ్ చేసే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

సొంత పొలంలో ఒక మూల టార్గెట్ నిలబెట్టుకుని, సెలవు రోజు పొద్దున్నే రైఫిల్ బయటకు తీసే మీ అందరికీ ఈ ఉత్తరం. నేనూ మీలో ఒకణ్ణే. పదిహేనేళ్లుగా లైసెన్సు ఉన్న తుపాకీతో నా సొంత నేలలోనే సాధన చేస్తున్నాను. సగం ఊపిరి వదిలి, ట్రిగ్గర్ మీద వేలు మెల్లగా బిగిస్తూ పోతే, అయిదు తూటాలూ కాగితం మీద గోరంత చోటులో పడినప్పుడు కలిగే సంతోషం నాకు బాగా తెలుసు. ఈ అలవాటు మానుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నేను కూడా మానలేదు.

మిమ్మల్ని ఒకటే అడగాలనుకుంటున్నాను. మీరు కాల్చిన ప్రతి బుల్లెట్ ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసా? టార్గెట్‌కి తగిలిందా లేదా అన్నది వేరే సంగతి. తగిలాక, లేదా గురి తప్పాక, అది వెళ్లి ఆగే చోటును మీరు వేలు పెట్టి చూపించగలరా?

ఏడేళ్ల కిందట నన్ను ఎవరైనా ఇలా అడిగి ఉంటే "ఓ, చూపిస్తా" అనేవాణ్ణి. అప్పట్లో నా టార్గెట్ వెనక ఒక పాత పొలం గట్టు ఉండేది. నడుమెత్తు ఉంటుందేమో. దాని వెనక ఒక చెట్ల వరస. అది చాలనుకున్నాను. ఒకరోజు 50 మీటర్ల నుంచి పాయింట్ 22 రైఫిల్‌తో (బారెల్ రంధ్రం 0.22 అంగుళం ఉండే చిన్న రైఫిల్) కాలుస్తుంటే ఒక షాట్ కాస్త కిందకు పోయింది. ఎప్పుడూ వినిపించే 'టప్' అన్న మట్టి చప్పుడు రాలేదు. సన్నగా ఈల వేసినట్టు ఒక శబ్దం గాల్లో సాగి, ఎక్కడో ఆగిపోయింది. విన్నాను, కానీ పట్టించుకోలేదు. మళ్లీ లోడ్ చేసి కాల్చాను.

అరగంట తర్వాత పక్క పొలం పెద్దాయన నడుచుకుంటూ వచ్చారు. గొంతులో కోపం లేదు. అరచేయి తెరిచి చూపించారు. అందులో చిన్న సీసం ముక్క. ఒకవైపు బల్లపరుపుగా అణిగిపోయింది, ఆ అణిగిన చోట ఇసుక రేణువులు గుచ్చుకుని ఉన్నాయి. రెండో కొస ఇంకా గుండ్రంగానే ఉంది. దాని మీద బారెల్ లోపలి గాడులు గీసిన సన్నని గీతలు చెక్కుచెదరలేదు.

"ఇది మీదేనా బాబూ?" అన్నారు.

ఆయన మోటారు షెడ్డు రేకుకు తగిలి కింద పడిందట. ఇద్దరం వెళ్లి చూశాం. రేకు మీద బొటనవేలి గోరంత సొట్ట. చుట్టూ పెయింటు పెచ్చు లేచిపోయి లోపలి ఇనుము తళతళా మెరుస్తోంది. సొట్ట నా ఛాతీ ఎత్తులో ఉంది. "పొద్దున మా మనవరాలు ఇక్కడే నిలబడి కాళ్లు కడుక్కుందండీ" అన్నారాయన. ఇంకేమీ అనలేదు. తర్వాత టేపు పట్టుకుని కొలిచాను. నేను కాల్చిన చోటు నుంచి ఆ షెడ్డుకు 340 మీటర్లు. వెనక్కి వచ్చి గట్టు తవ్వి చూస్తే పైపొర మట్టిలోనే పిడికిలంత రాయి ఒకటి దొరికింది. దాని నెత్తిన బూడిద రంగులో సీసం రాసుకుపోయిన చార.

ఆ తర్వాత పది నెలలు తుపాకీ బయటకు తీయలేదు. ఆ పది నెలల్లో చదివినవి, అనుభవం ఉన్నవాళ్లను అడిగి తెలుసుకున్నవి, స్వయంగా కొలిచి చూసుకున్నవి మీ ముందు పెడుతున్నాను.

పాయింట్ 22 అంటే మనలో చాలామందికి పిల్లల తుపాకీ లెక్క. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు ఉండదు, బుల్లెట్ బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. కానీ ఆ తూటాల డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: మైలుకు పైగా ప్రయాణించగలదు, జాగ్రత్త అని. అనుకూలమైన కోణంలో పోతే అది ఒకటిన్నర కిలోమీటర్లు దాటగలదు. వేట రైఫిళ్ల బుల్లెట్లయితే వాటి రకాన్ని బట్టి మూడు నుంచి అయిదు కిలోమీటర్ల దాకా పోతాయి. ఇప్పుడు మీ పొలం ఎంత పొడవుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎన్ని ఎకరాలున్నా సరే, ఆ దూరం ముందు అది చిన్నదే. పొలం విస్తీర్ణం మనల్ని కాపాడుతుందనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు.

"నేనేమీ ఆకాశంలోకి కాల్చను కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఒక లెక్క చూడండి. మీరు నిలబడి కాలుస్తున్నారు, బారెల్ నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంది. 50 మీటర్ల అవతల 2.5 మీటర్ల ఎత్తు కట్ట. చూడటానికి అది మనిషిని మించిన పెద్ద కట్టే. బుల్లెట్ దాన్ని దాటిపోవడానికి బారెల్ ఎంత పైకి లేవాలి? ఒకటింబావు డిగ్రీ. మీటరు పొడవున్న తుపాకీలో కొస రెండు సెంటీమీటర్ల పైచిలుకు లేస్తే చాలు. తుమ్ము వచ్చినా, కాలు జారినా, తుపాకీ ఎత్తుతుండగానే ట్రిగ్గర్ మీద వేలు పడినా అంతకంటే ఎక్కువే లేస్తుంది. ఇది గురి బాగా కుదిరిన వాళ్లకూ వర్తిస్తుంది, ఎందుకంటే కట్ట పైనుంచి పోయే బుల్లెట్ గురి చూసి కాల్చింది కాదు, పొరపాటున పేలింది.

అదే కట్టకు 25 మీటర్ల దగ్గరికి జరిగి కాలిస్తే ఆ కోణం రెండింతలవుతుంది. కూర్చుని, బల్ల మీద తుపాకీ ఆనించి కాలిస్తే తుపాకీ ఊపు తగ్గుతుంది. డబ్బు ఖర్చు లేని ఈ రెండు మార్పులూ రేపే చేసుకోవచ్చు. అసలు మందు మాత్రం ఎత్తయిన కట్ట. పెద్ద అవుట్‌డోర్ రేంజ్‌లలో టార్గెట్ వెనక 15 నుంచి 20 అడుగుల ఎత్తు మట్టికట్ట ఉండటం మామూలు. నాలుగు మీటర్ల ఎత్తు, పైన మీటరు వెడల్పు, రెండు వైపులా వాలు ఎత్తెంతో అంత దూరమే అడుగున పరుచుకుంటుందనుకుంటే, కట్ట పొడవులో ప్రతి మీటరుకూ 20 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. ఎనిమిది మీటర్ల పొడవు కట్టాలంటే 160. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా యాభై ట్రాలీలు దాటుతాయి. వాలు ఇంకా సాఫీగా కావాలంటే అంతకంటే ఎక్కువ. పారతో ఒక సాయంత్రం చేసే పని కాదిది, తుపాకీ కొనేటప్పుడే లెక్కలో వేసుకోవాల్సిన ఖర్చు. మీ నేలలోనే మెత్తటి మట్టి ఉన్న ఎత్తయిన గుట్ట వాలు ఉంటే మీరు అదృష్టవంతులు. టార్గెట్‌ను గుట్ట మొదట్లో పెట్టండి, శిఖరం మీద ఎప్పుడూ పెట్టకండి.

కట్ట ముఖాన రాళ్లు ఉండకూడదు. ఈ మాట నేను ఒక రేకు సొట్ట చూసి నేర్చుకున్నాను. ముందువైపు కనీసం రెండడుగుల లోతు వరకు జల్లెడ పట్టిన మట్టో ఇసుకో ఉండాలి. వానలకు మట్టి కొట్టుకుపోయి లోపలి రాళ్లు బయటపడతాయి, బుల్లెట్లు పదేపదే ఒకేచోట పడి గుంతలు చేస్తాయి. నేను మూడు నెలలకోసారి గునపంతో తవ్వి, రాళ్లు ఏరి, మట్టి మళ్లీ సర్దుతాను. ఆ పని అయ్యాకే కాలుస్తాను.

చాలామంది నమ్ముకునే వాటిలో కొన్ని అసలు కట్టలే కావు. గడ్డిమోపుల్లోంచి రైఫిల్ బుల్లెట్ దూసుకుపోతుంది. పాత టైర్లను ఖాళీగా పేరిస్తే రబ్బరు కొన్నిసార్లు బుల్లెట్‌ను మన వైపే తిప్పి కొడుతుంది. చెట్టు మొద్దుకు అంచున తగిలితే పక్కకు మళ్లుతుంది, పైగా ఆ చెట్టు కొన్నాళ్లకు ఎండిపోవచ్చు కూడా. అన్నిటికంటే ప్రమాదం చెరువు. నీళ్లు మెత్తగా ఉంటాయి, మింగేస్తాయి అనుకుంటాం. తక్కువ కోణంలో తగిలిన బుల్లెట్‌కు నీటి పైపొర బండరాయితో సమానం. చిన్నప్పుడు పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోయేది చూడండి, అచ్చం అలాగే ఎగిరి అవతలి ఒడ్డుకు పోతుంది. నీటి వైపు తుపాకీ ఎక్కుపెట్టకండి.

ఇనుప టార్గెట్లు పెట్టేవాళ్లకు ఒక మాట. ఆ 'టంగ్' మనే చప్పుడు నాకూ ఇష్టమే. కానీ మామూలు మెత్తటి ఇనుప పలక మీద బుల్లెట్లు గుంతలు పెడతాయి, ఆ గుంతల్లో పడ్డ తర్వాతి బుల్లెట్ ముక్కలు వెనక్కి వస్తాయి. టార్గెట్ల కోసమే తయారైన గట్టి ఉక్కు పలక కొనండి. ముఖం కాస్త నేల వైపు వంగేలా వేలాడదీయండి. పిస్టల్‌తో కనీసం 10 గజాలు, రైఫిల్‌తో 100 గజాల దూరం పాటించండి. కాల్చేవాళ్లే కాదు, పక్కన నిలబడి చూసేవాళ్లు కూడా కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఎండాకాలంలో ఇనుముతో ఇంకో ప్రమాదం ఉంది. అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 2013లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఉక్కు పలకకు తగిలి ముక్కలైన రైఫిల్ బుల్లెట్లను ఎండిన పీట్ నాచులో (చిత్తడి నేలల్లో పెరిగే ఒక రకం నాచు) పడేలా చేసి చూశారు. ఆ ముక్కలు వందల డిగ్రీల వేడితో పడి నిప్పు రాజేశాయి. ఉక్కు ఉన్న బుల్లెట్లు, మొత్తం రాగితో చేసినవి అన్నిటికంటే ఎక్కువసార్లు అంటించాయి. అంటే పేలుడు పదార్థం ఏమీ లేకుండా, ఉత్త బుల్లెట్‌తోనే ఎండుగడ్డి తగలబడుతుంది. ఇక పేలే టార్గెట్ల సంగతి చెప్పాలా? 2017 ఏప్రిల్‌లో అరిజోనాలో ఒకతను పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని చెప్పే వేడుక కోసం రంగు పొడితో అలాంటి టార్గెట్ పెట్టి కాల్చాడు. దాంతో అంటుకున్న మంట దాదాపు 47,000 ఎకరాలను కాల్చేసింది. అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 80 లక్షల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. గాలి వీచే ఎండు రోజున నేను ఇనుప పలక కట్టను, కాగితంతోనే సరిపెట్టుకుంటాను. నిండు నీళ్ల డ్రమ్ము, పార పక్కనే ఉంటాయి.

చప్పుడు గురించి మనం పొరుగువాళ్లతో సరిగ్గా మాట్లాడటం లేదు. తుపాకీ మోత చాలావరకు 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు రక్షణ లేకపోతే ఒక్క మోతకే వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మనం ఇయర్ ప్లగ్స్ పెట్టి, పైన మఫ్స్ తగిలించి కాలుస్తాం. కంచె అవతలి మనిషికి అవేవీ లేవు. దూరం వల్ల ఆయన చెవులకు హాని జరగకపోవచ్చు, కానీ తర్వాతి మోత ఎప్పుడొస్తుందో ఆయనకు తెలియదు. పాలు పితికే వేళ గేదె బెదురుతుంది, పడుకున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. తుపాకీ మోతకు ఒకప్పటి భయాలు తిరిగొచ్చేవాళ్లు కూడా ఉంటారు. నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, ఏ వేళలు ఆయనకు ఇబ్బందో అడిగాను. పొద్దున ఎనిమిదికి ముందు వద్దన్నారు, పంట కోతల రోజుల్లో అసలు వద్దన్నారు. ఇప్పుడు రెండు గంటలకు మించి కాల్చను. మొదలుపెట్టే ముందు ఫోన్ చేస్తాను, అయిపోయాక మళ్లీ చేస్తాను. ఆయన వాళ్లెవరైనా ఆ వైపు పనిలో ఉంటే ఆ రోజుకు మానేస్తాను. మొదటి ఫోన్ చేయడానికి నాకు చాలా టెన్షన్ పట్టింది. ఇప్పుడు ఆయనే ఒక్కోసారి "ఏం, ఈవారం కాల్చట్లేదా?" అని అడుగుతారు.

సీసం సంగతి ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరూ మాట్లాడరు. పాయింట్ 22 తూటాలు వెయ్యి కాలిస్తే కట్టలో 2.6 కిలోల సీసం చేరినట్టు. మనలో కొందరికి అది రెండు నెలల సాధన. షాట్‌గన్‌తో గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలు కాల్చేవాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బంది: 28 గ్రాముల గుండ్లు నింపిన కార్ట్రిడ్జ్ ఒక్కదాంట్లో దాదాపు 350 చిన్న గుండ్లుంటాయి, అవి కట్టలో ఆగవు, పొలమంతా చెల్లాచెదురుగా పడతాయి. పక్షులు ఇసుక రేణువులనుకుని ఏరుకుని మింగుతాయి. మేతలో కలిసిన సీసం పశువుల కడుపులోకి పోతుంది. డెన్మార్క్ 1996లోనే ఈ సీసపు గుండ్లను నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లోనూ వాటి చుట్టుపక్కలా నిషేధం అమలు చేస్తోంది. పుల్లటి మట్టిలో సీసం తేలిగ్గా కరిగి నీళ్లలోకి దిగుతుంది, అందుకే కట్ట మట్టి పీహెచ్ (పులుపును కొలిచే అంకె) 6.5కూ 8.5కూ మధ్య ఉండేలా సున్నం కలపమంటారు. కట్టను బావికీ వాగుకూ దూరంగా కట్టండి. అక్కడ పశువులను మేపకండి. కొన్నేళ్లకోసారి సీసం జల్లించి తీయించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ మరీ చెబుతున్నాను: కాల్చి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా, బట్టలు మార్చుకోకుండా వాళ్లను ఎత్తుకోకండి. సీసం వాళ్ల ఎదిగే మెదడుకు చేసే హాని మళ్లీ సరిచేయలేనిది.

చట్టం గురించి ఎక్కువ రాయను, ఎక్కడి చట్టం అక్కడిది, మీది మీరు చదువుకోవాలి. కానీ "నా భూమి, నా ఇష్టం" అనేవాళ్లు ఒకటి గమనించండి. తుపాకీల విషయంలో ఎంతో ఉదారంగా ఉంటుందని పేరున్న టెక్సస్‌లో కూడా, పెద్ద కమతాల్లో కాల్చుకునేవాళ్లను నగరాల ఆంక్షల నుంచి తప్పించే చట్టమే ఒక షరతు పెట్టింది: బుల్లెట్ హద్దు దాటి పోయే అవకాశం లేకుండా కాల్చాలి. బ్రిటన్‌లో ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సైతం అనుమతి లేకుండా హద్దు దాటితే నేరమే, కాల్చిందెవరైనా సరే. వాళ్ల సంస్కృతులు వేరు, తుపాకీల మీద అభిప్రాయాలు వేరు. హద్దు దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే గీత గీశారు.

ఇక అతిథులు. నన్నడిగితే పొలంలో అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు, చుట్టాలో స్నేహితులో "మేమూ ఒకసారి కాలుస్తాం" అని వచ్చిన రోజు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటారు, ఒకరు ఫోటో తీయమంటారు, తుపాకీ చేతిలో ఉన్న మనిషి ఫోటో కోసం పక్కకు తిరుగుతాడు. తుపాకీతో పాటు బారెల్ కూడా తిరుగుతుంది. నేనిప్పుడు ఒక్కరికి ఒకసారికి ఒక్క తూటా మాత్రమే ఇస్తాను. మొదటి అయిదు షాట్లు అయ్యేదాకా వాళ్ల భుజం పక్కనే నిలబడతాను. టార్గెట్ దగ్గరికి ఎవరు నడిచినా, అన్ని తుపాకీలూ ఖాళీ చేసి, బోల్టు తెరిచి బల్ల మీద పెట్టాలి, ఒక్కరూ వాటిని ముట్టుకోకూడదు. మందు తాగి వచ్చినవాళ్లను, ఎంత దగ్గరివాళ్లయినా, గేటు దగ్గరి నుంచే పంపేశాను. ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. అది నాకు బాధే, కానీ మళ్లీ వచ్చినా అదే చేస్తాను.

ఒక పని చేయమని అడిగి ఈ ఉత్తరం ముగిస్తాను. ఈసారి సాధనకు దిగేముందు, తుపాకీ పెట్టెలోనే ఉంచి, ఉత్త చేతులతో టార్గెట్ దాకా నడవండి. అక్కడ ఆగకండి. కట్ట దాటి, కంచె దాకా వెళ్లండి. పొరుగువాళ్లను అడిగి, వాళ్లు రోజూ పని చేసుకునే చోటికి, పంపు దగ్గరికో పశువుల పాక దగ్గరికో వెళ్లి నిలబడండి. అక్కడి నుంచి వెనక్కి తిరిగి మీ పొలం వైపు చూడండి. మీరు తుపాకీ పట్టుకుని నిలబడే చోటు అక్కడి నుంచి కంటికి కనిపిస్తోందంటే, మీ కట్ట ఇంకా చాలదు. ఆ రోజుకు కాల్చడం ఆపి, ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి.

ఇట్లు,
మీలో ఒకడు